డోలీ మనది, వీడియో వాళ్లది, మాట ఎవరిది?



ఎన్నికలొస్తే మన ఏజెన్సీకి రెండు రకాల జనం వస్తారు. జీపుల్లో అభ్యర్థులొస్తారు, ఫోన్లలో వాళ్ల 'అభిమానులు' వస్తారు. అభ్యర్థి అయిదేళ్లకోసారైనా మొహం చూపిస్తాడు. ఈ అభిమానుల పేజీలకి మొహమే ఉండదు. ఫలానా అన్న యువసేన, ఫలానా అక్క సైన్యం అని పుట్టుకొస్తాయి. కౌంటింగ్ అయ్యాక కొన్ని పేరు మార్చుకుంటాయి, కొన్ని మాయమైపోతాయి.

వీటిల్లో ఏముంటది? తలపాగా కట్టుకుని మన ఆడవాళ్ల మధ్య థింసా అడుగులేస్తున్న అభ్యర్థి ఉంటాడు. ముసలమ్మ కాళ్లకి దండం పెడుతున్న అభ్యర్థి ఉంటాడు. అన్నిటికంటే ఎక్కువగా డోలీ ఉంటది.

నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకెళ్తుంటే వీడియో తీసేది మన కుర్రాడే. రోడ్డు కావాలని తీస్తాడు. సిగ్నల్ కోసం కొండెక్కి మరీ పెడతాడు. అది అభిమానుల పేజీకి చేరేసరికి రోడ్డు అడిగిన మాట పోద్ది. పైన నాయకుడి ఫొటో, వెనక పార్టీ పాట మిగులుతాయి. నొప్పులు పడుతున్న ఆ తల్లిని ఎవరైనా అడిగారా? అదే పార్టీ అధికారంలోకొచ్చాక అదే కొండ దారిలో ఇంకో డోలీ కదిలితే, అదే పేజీ "పాత వీడియో, ప్రతిపక్షాల కుట్ర" అంటది. మోసే భుజాలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ మనవే.

"అది అభిమానం, మాకేం సంబంధం?" అంటారు అభ్యర్థులు. సరే, రూల్ ఏంటో చూద్దాం. ఎన్నికల కరపత్రం మీద అచ్చేసినోడి పేరు, వేయించినోడి పేరు, చిరునామాలు ఉండాలి. లేకపోతే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ కింద ఆరు నెలల దాకా జైలు. మరి లక్ష ఫోన్లలోకి వెళ్లే వీడియో మీద ఎవరి పేరుంది?

ఎన్నికల సంఘం 2013 అక్టోబరులో సోషల్ మీడియా మీద ఆదేశాలిచ్చింది. అభ్యర్థి తన ఖాతాల వివరాలు అఫిడవిట్‌లో రాయాలి. ఇంటర్నెట్ ప్రకటనల ఖర్చు, వీడియోలు తయారుచేసే టీం జీతాలు కూడా లెక్కలో చూపాలి. బాగానే ఉంది. కానీ అభ్యర్థీ పార్టీ కాని మూడో మనిషి పెట్టే పోస్టుల సంగతి ఇంకా పరిశీలిస్తున్నామని అందులోనే వదిలేశారు. ఆ సందులోంచే ఇప్పుడు ప్రచారం నడుస్తోంది. ఫేస్‌బుక్‌కి డబ్బు కట్టి యాడ్ వేస్తే యాడ్ లైబ్రరీలో కనపడతది. అదే డబ్బు వీడియో చేసినోడి చేతిలో పెడితే ఎక్కడా కనపడదు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. డ్రోన్, కెమెరా, ఎడిటర్, పాట రాసినోడు, పాడినోడు: వీళ్లంతా అభిమానంతో ఊరికే చేశారంటే నమ్మేద్దామా?

డబ్బు కంటే పెద్ద నష్టం మాట దగ్గర జరుగుతోంది. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000లో ఇచ్చిన జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. డిగ్రీలు, బీఈడీలు చేతిలో పట్టుకుని మనోళ్లు ఎదురుచూస్తున్నారు. "అన్న గెలిస్తే జీవో 3 వస్తది" అని ముప్పై సెకన్ల రీల్ వేస్తే ఎవరికి ఆశ పుట్టదు? కానీ కొట్టేసింది అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం. దాన్ని దాటే దారేంటి? కొత్త చట్టమా, రాజ్యాంగ సవరణా? ఆ రీల్‌లో ఒక్క ముక్క ఉండదు. గెలిచాక నిలదీస్తే "నేనన్నానా? ఎవడో అభిమాని పెట్టాడు" అంటారు. ఓటు మాత్రం అభిమానికి పడలేదు కదా!

అలాగని జనం పోస్టులకి ముందస్తు అనుమతి పెట్టమని మేం అడగట్లేదు. ఆ కత్తి వస్తే మొదట తెగేది డోలీ వీడియో తీసే మన కుర్రాడి గొంతే. వీడియోలు చేసుకుని నాలుగు రూపాయలు సంపాదించుకునే తమ్ముళ్ల మీదా కోపం లేదు. పని చేస్తే కూలి తీసుకోవాల్సిందే. కూలిచ్చినోడు మాత్రం ఇచ్చానని లెక్క రాయాలి.

అభ్యర్థులకి మా మాట ఇదీ. మీరు డబ్బిచ్చి నడిపే పేజీలేవో చెప్పండి. హామీ ఏదైనా మీ సొంత ఖాతాలో, మీ నోటితో చెప్పండి. కాగితం మీద సంతకం పెట్టి ఊళ్లో చదవండి. ఆ కుటుంబం ఒప్పుకోకుండా మా డోలీని, మా చావుని, మా పురుడుని వాడుకోకండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన పనీ ఉంది. హామీ కనపడగానే తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఒక్క రూపాయి ఫీజు కట్టి ఎవరైనా ఆ లెక్క చూడొచ్చు. ఈసారి ఊరికొకరం వెళ్దాం. మన ఊళ్లో ఎగిరిన డ్రోన్ ఆ లెక్కలో ఉందో లేదో చూద్దాం.

జై ఆదివాసీ!