చెవిలో ఒక్క మాట పడితే చాలు

ఆర్‌సీ కార్ల పందెం అంటే పిల్లలాట అనుకునేవాళ్లు ఒక్కసారి నైట్రో ఇంజన్ల పక్కన నిలబడి చూడాలి. పది కార్లు కలిసి గీపెడుతుంటే పక్కమనిషి మాట కూడా వినపడదు. మావాడు పైన స్టాండు మీద నిలబడి కారు నడుపుతాడు. నేను కింద పిట్‌లో ఇంధనం పోసే మనిషిని. 1/8 సైజు బగ్గీకి ట్యాంకు 125 సీసీలు మించకూడదు. పెద్ద ఫైనలేమో అరగంట, ముప్పావుగంట. ఎనిమిది పది నిమిషాలకోసారి కారు పిట్‌లోకి రావాల్సిందే. "ఈ ల్యాపుకే వచ్చెయ్‌రా" అన్న నా కేక వాడికి అందలేదో, కారు ట్రాక్ మధ్యలో ఆగిపోతుంది. నెలల ప్రాక్టీసు అక్కడితో సరి!

అందుకే హెడ్‌సెట్. అయితే ఖరీదైనది కొనక్కర్లేదు. ఎందుకంటారా? డ్రైవరు రెండు చేతులూ రిమోట్ మీదే ఉంటాయి. బటన్ నొక్కలేడు. మాట వినగానే తనంతట తానే ఆన్ అయ్యే 'వాక్స్' సదుపాయం ఉంటుంది గానీ, ఇంజన్ మోతను కూడా అది మాటే అనుకుంటుంది. కాబట్టి మాట్లాడేది పిట్‌లో మనిషి, వినేది డ్రైవరు. ఇంతే పద్ధతి. జవాబుకు తల ఊపితే చాలు.

దీనికి రెండు మామూలు వాకీటాకీలు, వైరుతో ఒక ఇయర్‌పీస్, దానిమీద మోతను ఆపే ఇయర్‌మఫ్ సరిపోతాయి. ఇయర్‌మఫ్ మాత్రం మానకండి, చెవులు మళ్లీ కొనుక్కునేవి కావు. ఇయర్‌పీస్ పిన్ను మీ సెట్‌కు సరిపోతుందో లేదో ముందే చూసుకోండి.

కొనేటప్పుడు ఇంకో సంగతి. మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని వాకీటాకీలు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసేవి. చవగ్గా వస్తుందని ఏ ఫ్రీక్వెన్సీకైనా మార్చుకునే సెట్ కొంటే చిక్కుల్లో పడతారు. 'ఐదు కిలోమీటర్ల రేంజి' అన్న ప్రకటన చూసి మురిసిపోకండి, మనకు కావలసింది స్టాండుకీ పిట్‌కీ మధ్య దూరమే. 'ప్రైవసీ కోడ్' పెడితే పక్కవాళ్ల మాటలు మనకు వినపడవంతే, ఛానల్ మాత్రం మన సొంతం కాదు. అందుకే పక్క టీముతో మాట్లాడుకుని వేరే ఛానల్ పెట్టుకోండి.

బ్లూటూత్ అయితే? చాలా రిమోట్‌ల లాగే అదీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది. సాధారణంగా ఇబ్బంది రాదు గానీ, ఆ అనుమానంతో ఫైనల్ ఆడటమెందుకు?

కొన్నాక ఇంట్లో పరీక్షించి లాభం లేదు. ఇంజన్లు మోగుతున్నప్పుడు ట్రాక్ దగ్గరే చూడండి. పొడుగు వాక్యాలొద్దు. "రా", "రెండు ల్యాపులు", "మెల్లగా", ఇలాంటి నాలుగు మాటలు ముందే అనుకోండి. మిగిలిన డబ్బు టైర్లకు పెట్టుకోండి!