రెండున్నర లక్షలు దాటిన ఇంటి ఆడపిల్ల

ఇంటర్ ఫలితాలు రాగానే తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో చాలా ఇళ్లలో ఒకే లెక్క మొదలవుతుంది. ఏడాది ఆదాయం రెండున్నర లక్షల లోపుంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. దానికి పైన కాస్త మించితే ఏమీ లేదు. చిన్న కిరాణా కొట్టు నడిపేవాళ్లు, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ఉన్న డబ్బు ఒక్కరి చదువుకే సరిపోతుందంటే అది అబ్బాయి ఇంజనీరింగుకు పోతుంది. అమ్మాయితో "దగ్గర్లో ఏదో ఒక డిగ్రీలో చేరమ్మా" అంటారు. అదీ కుదరకపోతే సంబంధాలు చూడడం మొదలుపెడతారు.

రీయింబర్స్‌మెంట్ రాకపోతే ఇక ఏ సాయమూ రాదని మన జనంలో గట్టి నమ్మకం. అది తప్పు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇచ్చే 'ప్రగతి' స్కాలర్‌షిప్ ఆడపిల్లల కోసమే పెట్టింది. ఇంటి ఆదాయం 8 లక్షల దాకా ఉన్నా అర్హతే. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో ఇంజనీరింగ్ గానీ పాలిటెక్నిక్ గానీ మొదటి ఏడాది చేరిన అమ్మాయికి, లేటరల్ ఎంట్రీలో రెండో ఏడాది చేరినా సరే, మెరిట్ మీద ఏడాదికి 50 వేలు ఇస్తారు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు తీసుకోవచ్చు. బాపట్లలో ఆడపిల్లలకే ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉంది కాబట్టి ఈ మాట అక్కడ ఇంటింటికీ చేరాలి.

డిగ్రీలో చేరేవాళ్లకు కేంద్రం ఇచ్చే మరో స్కాలర్‌షిప్ ఉంది. ఇంటర్ బోర్డు మార్కుల్లో తమ గ్రూపు వరకు పై 20 శాతంలో ఉండి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షలు దాటకుంటే డిగ్రీ మూడేళ్లూ ఏటా 12 వేలు, పీజీలో 20 వేలు వస్తాయి. ఇందులో సగం ఆడపిల్లలకే కేటాయించారు. 1963 నుంచి తెనాలిలో అమ్మాయిలకు చదువు చెబుతున్న జె.ఎం.జె. కళాశాలలోనైనా, రేపల్లె ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనైనా 12 వేలంటే రైలు పాసుకీ పుస్తకాలకీ పరీక్ష ఫీజుకీ ఇంట్లో చెయ్యి చాచక్కర్లేదు. పైగా ఆ డబ్బు నేరుగా అమ్మాయి ఖాతాలోనే పడుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. రాష్ట్రం ఇచ్చే రీయింబర్స్‌మెంట్‌తో కలిపి దీన్ని తీసుకోవడం మాత్రం కుదరదు. రెండిటికీ అర్హత ఉన్నవాళ్లు ఏది మేలో లెక్క చూసుకోవాలి.

ఆడపిల్లలకే ఎందుకు ప్రత్యేకం అని అడిగేవాళ్లున్నారు. ఇంట్లో డబ్బు పంచేటప్పుడు అబ్బాయికే ఎందుకని ఎవరూ అడగరు కదా! 1917లో లీవై బార్బర్ అనే ఆయన అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆసియా స్త్రీల కోసమే స్కాలర్‌షిప్ పెట్టాడు. మద్రాసులో పాఠాలు చెబుతున్న వృక్షశాస్త్రవేత్త జానకీ అమ్మాళ్ ఆ సాయంతోనే వెళ్లి 1931లో డాక్టరేట్ అందుకుంది. తర్వాత కోయంబత్తూరులో చెరకు సంకరాల మీద ఆవిడ చేసిన పరిశోధన బాపట్ల వ్యవసాయ కళాశాల పిల్లలు తెలుసుకోదగ్గది. వెనక నిలబెట్టినవాళ్లకు ముందు చోటివ్వడం న్యాయమే.

ప్రగతికీ, డిగ్రీ వాళ్లకిచ్చే కేంద్ర స్కాలర్‌షిప్‌కీ దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. అమ్మాయి అన్నీ సరిగ్గా నింపినా, గడువులోగా కాలేజీ వాళ్లు పరిశీలించి ఆమోదించకపోతే అది అక్కడే ఆగిపోతుంది. రెండో ఏడాది నుంచి రెన్యువల్ చేయకపోతే వచ్చేదీ ఆగుతుంది. అందుకే ప్రిన్సిపాళ్లను అడుగుతున్నాను: అడ్మిషన్ల రోజుల్లోనే ఒక లెక్చరర్‌కు ఈ పని అప్పగించండి, గడువు తేదీ నోటీసు బోర్డు మీద తెలుగులో రాయించండి. తల్లిదండ్రులు చేయాల్సిందల్లా ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసుకుని, అమ్మాయి పేరున బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్‌తో అనుసంధానం చేయించడం. సంబంధాలు చూడడం తర్వాత సంగతి, ముందు దరఖాస్తు పెట్టించండి.