గుర్తుమాట వద్దు, తాళంచెవి ముద్దు!

మేడ్చల్ దగ్గరి గౌడవెల్లిలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉందనుకుందాం. రోజూ మేడ మీద కొలిచే వానలెక్కలను అందరూ చూసేలా ఒక వెబ్‌సైటులో పెట్టాలని ఆమెకు సరదా పుట్టింది. అన్నయ్య సాయంతో ఒక సర్వర్ అద్దెకు తీసుకుంది. సర్వర్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. ఎక్కడో ఉండి, రాత్రింబవళ్లు మేలుకుని, అడిగినవారికి అడిగిన పేజీ అందించే కంప్యూటరు, అంతే. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాద్ ప్రాంతంలోనే ఇలాంటి సర్వర్ల కేంద్రాలను ప్రారంభించింది. కాబట్టి ఆ సర్వర్ ఆమె ఊరికి మరీ దూరంలో లేకపోవచ్చు. అయినా ముట్టుకునే వీలు లేదు. ఇంట్లో కూర్చునే నడపాలి.

అలా నడపడానికి ‘కాక్‌పిట్’ వంటి నిర్వహణ ప్యానెళ్లు ఉన్నాయి. బ్రౌజర్‌లో తెరవగానే ప్యానెల్ పేరు అడిగింది, పాస్‌వర్డ్ అడిగింది. ఇక్కడే వచ్చింది చిక్కు. ఆమె ఖాతాకు అసలు పాస్‌వర్డే లేదు! సర్వర్ అద్దెకిచ్చినవారు పాస్‌వర్డ్‌తో ప్రవేశాన్ని ముందే మూసేశారు. ఇప్పుడేం చెయ్యాలి?

“దానికేముంది, పాస్‌వర్డ్‌లను మళ్లీ అనుమతించు. ఒక్క నిమిషం పని” అనే సలహా తేలికగా దొరుకుతుంది. ఆ సలహా వినకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

పాస్‌వర్డ్ అంటే గుర్తుమాట. లోపలికి వెళ్లాలంటే ప్రతిసారీ ఆ మాటను అవతలివారికి చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు వినే ప్రమాదముంది. పొలానికి వెళుతూ తాళంచెవిని చూరులో దాచినట్టే ఇదీను. దాచేటప్పుడు ఒక్కడు చూస్తే చాలు, ఇక ఆ ఇంటికి తాళం ఉన్నా లేనట్టే. 1995లో ఫిన్లాండులోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో సరిగ్గా ఇలాగే జరిగింది. నెట్‌వర్క్‌లో ప్రయాణిస్తున్న పాస్‌వర్డ్‌లను ఎవరో పొంచి ఉండి పోగేశారు. ఆ దెబ్బతో అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ ‘ఎస్.ఎస్.హెచ్.’ అనే సురక్షిత మార్గాన్ని తయారు చేశాడు. దూరాన ఉన్న సర్వర్లలోకి వెళ్లడానికి నేటికీ అదే రాజమార్గం.

పొంచి వినకపోయినా, ఊహించి పట్టుకోవచ్చు. మనం పెట్టుకునేవి చాలావరకు ముద్దుపేర్లు, పుట్టిన సంవత్సరాలేగా! ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన సర్వర్ల తలుపులను యంత్రాలు అలుపు లేకుండా తడుతూనే ఉంటాయి. ఒక్కటి తెరుచుకుంటే వానలెక్కలు పోవడమొక్కటే కాదు, ఆ సర్వర్‌నే అడ్డాగా చేసుకుని ఇతరుల మీదికీ పోతారు.

మరి పాస్‌వర్డ్ లేకుండా ప్రవేశం ఎలా? మన తెలుగులో తాళానికి ఒక కప్ప ఉంది, ఒక చెవి ఉంది. కంప్యూటరు కూడా గణితంతో అలాంటి జంటనే తయారు చేస్తుంది. తాళంకప్పను సర్వర్‌కు ఇస్తాం. దాన్ని లోకమంతా చూసినా నష్టం లేదు. తాళంచెవి మాత్రం మన దగ్గరే ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు ఆ ఒక్క సంభాషణకే చెందిన ఒక కొత్త సంఖ్య పుడుతుంది. మన కంప్యూటరు తన చెవితో దానిమీద గణిత సంతకం చేసి పంపుతుంది. ఆ సంతకం సరైనదో కాదో సర్వర్ తన దగ్గరున్న కప్పతో పరీక్షిస్తుంది. చూశారా, చెవి ఇల్లు కదలలేదు! దారిలో ఎవరైనా ఆ సంతకాన్ని పట్టుకున్నా మరోసారి పనికిరాదు. ఊహించి చెవిని తయారు చేద్దామంటారా? 256 బిట్ల సంఖ్యలు ఎన్నో రాయాలంటేనే 78 అంకెలు కావాలి.

ఈ ఆలోచనను 1976లో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు లోకానికి ప్రకటించారు. మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఇలాంటి సంతకాలకు చట్టబద్ధత ఇచ్చింది. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. ఆ చట్టం కింద డిజిటల్ సంతకాల ధ్రువపత్రాలిచ్చే లైసెన్సు పొందింది. బ్యాంకులు నమ్మిన గణితాన్ని మనం నమ్మకూడదా?

ఇక మన గౌడవెల్లి అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమె ముందు తన తాళంచెవితో ఎస్.ఎస్.హెచ్. ద్వారా లోపలికి వెళ్లాలి. ప్యానెల్ అడుగుతోంది కాబట్టి, లోపలినుంచే తన ఖాతాకు ఒక పొడవాటి పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. అయితే ఎస్.ఎస్.హెచ్.కు మాత్రం పాస్‌వర్డ్‌ను అనుమతించకూడదు. ఈ రెండూ వేరు వేరు పనులు. కాక్‌పిట్ మామూలుగా 9090 సంఖ్య గల ద్వారం దగ్గర ఉంటుంది. ఆ ద్వారాన్ని బయటి లోకానికి మూసి, ఎస్.ఎస్.హెచ్. గుండా సొరంగం వేసుకుని దాన్ని చేరాలి. అప్పుడు ప్యానెల్ పాస్‌వర్డ్ లోపలి గదికి గడియలాంటిది. వీధి తలుపుకు కాపలా తాళంచెవిదే.

చెవి పోతే ఎలా అంటారా? మంచి ప్రశ్న. అందుకే రెండో చెవిని ముందే తయారు చేసి వేరేచోట భద్రపరచాలి. దొంగిలిస్తే పనికిరాకుండా చెవి ఫైలుకు కూడా ఒక రహస్యవాక్యం పెట్టాలి. ఇది కొంచెం శ్రమే. కాని ఒక్క నిమిషం కలిసొస్తుందని వీధి తలుపు తీసి ఉంచుతామా?

బడిలో కంప్యూటరు పాఠం “గట్టి పాస్‌వర్డ్ పెట్టుకోండి” అన్నచోట ఆగిపోకూడదు. కప్పనూ చెవినీ కూడా నేర్పాలి. అంతవరకు మీరొక పని చెయ్యండి. మీ ఇంటి తాళంచెవి ఎక్కడ దాస్తారో ఎంతమందికి తెలుసో ఈరోజే లెక్కపెట్టండి. పాస్‌వర్డ్ సంగతి మీకే బోధపడుతుంది.