మందును వెలయును

కాన్సరు వ్యాధికి మందు కలదా యని విద్యార్థుల తల్లిదండ్రులు పలుమారు మమ్మడుగుచుందురు. కొన్ని విధముల కాన్సరులకు కలదు. కాని మందు కలిగినంతమాత్రమున చాలదని మా యభిప్రాయము.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో సిద్ధపరచిన అమినోప్టెరిన్‌తో, రక్తపు కాన్సరు గల పిల్లలకు తాత్కాలికముగా ఉపశమనము కలిగినట్లు 1948లో సిడ్నీ ఫార్బరు వెల్లడించెను. నేటి శాస్త్రజ్ఞులు మరియొక త్రోవ త్రొక్కిరి. మామిడికి అంటుకట్టినట్లు, శత్రుకణమును గుర్తించు ప్రతిరక్షకపు భాగమును, రక్షకకణమును పోరునకు పురికొల్పు భాగమును కలిపి ఒకే మాంసకృత్తుగా చేయుదురు. రోగి రక్తమునుండి తీసిన టి-కణములలో దాని జన్యువును ప్రవేశపెట్టి, వృద్ధిచేసి, మరల దేహమున కెక్కింతురు. బొంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ ఆసుపత్రుల కృషివలన ఇట్టి చికిత్స మన దేశమున 2023లో అనుమతి పొంది, 2024 ఏప్రిల్ 4న ప్రారంభమైనది. ఇది కొన్ని రక్తపు కాన్సరులకే తగినది.

విదేశములలో కోట్లగు వెల ఇచట లక్షలకు దిగినది. అయినను కూలివాని కది అందని పండే. మంచి సమరయుడు గాయములు కట్టి యూరకుండలేదు. పూటకూళ్లవానికి వెచ్చమును గూడ చెల్లించెను. ప్రభుత్వమును, ధర్మసంస్థలును ఆ రెండవ పనికి పూనుకొనవలెను.

విద్యార్థులారా! మల్కాజ్‌గిరికి సమీపముననే తార్నాకలో విశ్వవిద్యాలయమును, హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును కలవు. ఆ ద్వారములు మీకు పరాయివి కావు. ఔషధమును కనుగొనుట యెంత గొప్ప విద్యయో, దానిని పేదకు అందునట్లు చేయుటయు నంతటి విద్యయే. రెంటిని నేర్వుడు.