సర్వే నంబరు తేదీ అయిపోతే తప్పెవరిది?

రైతు సోదరులారా, లిస్టులో మీ సర్వే నంబరు 10/2 ఉండాల్సిన చోట "10-ఫిబ్రవరి" అని కనపడితే కంప్యూటర్ కుర్రాడి మీద అరవకండి. అతను కొట్టింది 10/2 నే. ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని మార్చేసింది. 140/2 మారదు, 140వ తారీఖు ఉండదు కదా! అందుకే చిన్న నంబర్ల వాళ్లకే ఈ తిప్పలు.

తర్వాత ఆ గడిని 'టెక్స్ట్' చేస్తే 45698 లాంటి అంకె వచ్చి ఇంకా గందరగోళం. టెక్స్ట్ చేశాక నంబరు మళ్లీ కొట్టాల్సిందే.

ఆధార్ 1.23E+11 లాగా కనపడితే భయం లేదు, లోపల అంకెలన్నీ ఉంటాయి. బ్యాంకు ఖాతా 16 అంకెలదైతే మాత్రం చివరి అంకె సున్నా అయిపోతుంది. అది కనపడకపోవడం కాదు, పోవడమే. మన డబ్బు ఆగేది అక్కడే.

నన్నడిగితే తప్పు ఖాళీ ఫారం తయారుచేసిన వాళ్లది. ఆ కాలమ్‌లు ముందే టెక్స్ట్ చేసి పంపడం ఒక్క నిమిషం పని. మనుషుల జన్యువుల పేర్లను కూడా ఎక్సెల్ ఇలాగే తేదీలు చేస్తోందని 2020లో శాస్త్రవేత్తలు కొన్ని పేర్లే మార్చేశారు. మనం సర్వే నంబర్లు మార్చుకోగలమా?

ఈలోగా లిస్టు ప్రింటు తీసేముందు పాసుబుక్కు పట్టుకెళ్లి స్క్రీన్ మీదే సరిచూసుకోండి.