బా ఇచ్చిన డబ్బా

ఈ వారం హీరోల పారితోషికాల గొడవలు, హీరోయిన్ల పెళ్లి కబుర్లు కాస్త అవతల పెడదాం మిత్రులారా! నూనె మూకుడు దగ్గర కూర్చుందాం. "సినిమా పత్రికలో ఈ వంటగోల ఏమిటయ్యా?" అని విసుక్కోకండి. దీనికి మూలం సినిమాయే!

'ఛెల్లో షో' గుర్తుందా? పాన్ నళిన్ తీసిన గుజరాతీ చిత్రం. 2022లో మన దేశం తరఫున ఆస్కార్ పోటీకి పంపారు. టికెట్టుకు డబ్బుల్లేని కుర్రాడొకడు అమ్మ కట్టిచ్చిన భోజనం డబ్బా థియేటర్ ఆపరేటర్ చేతిలో పెట్టి, ప్రొజెక్షన్ గదిలోంచి సినిమాలు చూసేస్తుంటాడు. అమ్మ చేతి వంటే వాడి టికెట్టన్నమాట! ఆ అక్టోబర్ 14న సినిమా విడుదలైంది. గుజరాతీ జనం మధ్య కూర్చుని చూసి వ్యాసం రాస్తానని ఒక ఎడిటర్ గారిని ఒప్పించి అహ్మదాబాద్ రైలెక్కాను.

ఇది పైకి చెప్పిన కారణం. అసలు సంగతి వేరు. ఆ జనవరిలో మా అమ్మ పోయింది. ఏడాది తిరిగేదాకా ఇంట్లో పండగ లేదు, మూకుడు పెట్టేది లేదు. దీపావళి నాడు నాన్నగారూ నేనూ ఎదురెదురుగా కూర్చుని టీవీ చూడటం నా వల్ల కాదనిపించింది. ఆయన్ని అక్కయ్య ఇంటికి పంపించి నేను పారిపోయాను. అంతే!

బస మా సికింద్రాబాద్ గుజరాతీ మిత్రుడి మేనత్త గారింట్లో. పాతబస్తీలో 'పోళ్' అంటారు, ఒకే సింహద్వారం లోపల ఇరుకు సందు, సందుకి అటూ ఇటూ చెక్క స్తంభాల ఇళ్లు. ఆవిడకి డెబ్భై దాటాయి. అందరూ 'బా' అంటారు. అంటే అమ్మ అని. ఆ మాట నా నోటికి రావడానికి రెండు రోజులు పట్టింది.

వాళ్లకి దీపావళి అంటే 'నాస్తో' తయారీ. మర్నాడు కొత్త సంవత్సరం కదా, ఇంటికొచ్చిన వాళ్లందరికీ పళ్లెం నిండా కరకరలాడేవి పెట్టాలి. '3 ఇడియట్స్'లో కరీనా కపూర్ గుజరాతీ వంటల పేర్లని క్షిపణులతో పోల్చి ఆటపట్టిస్తుంది చూడండి, ఆ క్షిపణులన్నీ బా వంటింట్లో వరసగా నిలబడ్డాయి!

మొదటిది ఫర్సీ పూరీ. మన చెక్కలకి పినతల్లి కూతురనుకోండి. మైదాలో కాస్త బొంబాయి రవ్వ, దంచిన మిరియాలు, జీలకర్ర, ఉప్పు. ఆపైన కరిగిన నెయ్యి. దాన్ని 'మోణ్' అంటారు. ఎంత పొయ్యాలి? కొలత లేదు. పిండి గుప్పిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి, వేలితో తడితే రాలాలి. గట్టిగా కలిపి, వత్తి, పొంగకుండా చాకు మొనతో గాట్లు పెట్టి, సన్న సెగ మీద వేయించాలి. నాకు తొందరెక్కువ. మంట పెంచాను. పైన ఎర్రబడింది, లోపల మెత్తగా మిగిలింది. బా మంట తగ్గించి, "దీక్రా, నూనె మాట్లాడుతున్నంతసేపు లోపల నీళ్లున్నాయని అర్థం. అది నోరు మూసుకున్నాక తియ్యి" అంది. దీక్రా అంటే కొడుకా అని. మా సంభాషణ అంతా వచ్చీరాని హిందీలోనే లెండి.

మఠియా దగ్గర నాకు దండనే పడింది. మట్కీ పిండి, మినపపిండి, వాము. ఉప్పు, పంచదార వేసి మరిగించిన నీళ్లతో రాయిలా కలిపి, ఆ ముద్దని రోకలితో దంచాలి. సాగదియ్యాలి, మళ్లీ దంచాలి. నా భుజం పడిపోయింది. ఆ తర్వాత అప్పడం కంటే పల్చగా వత్తి, బాగా కాగిన నూనెలో వేసి రెండు క్షణాల్లో తీసెయ్యాలి. ఈ రోజుల్లో చాలామంది నడియాద్ పక్కనున్న ఉత్తరసండా ఊరి నుంచి వత్తినవి కొనుక్కుని ఇంట్లో వేయించుకుంటారట. ఆ సంగతి బా నా దంపుడు అయ్యాక చెప్పింది!

చోరాఫళీ కూడా చేశాం. వేడి మీద నల్ల ఉప్పూ కారం చల్లుకుని తినాలి. బాగుంటుంది.

ఇక చక్రీ. చూడటానికి అచ్చం మన చక్రాలే. కానీ మనం బియ్యప్పిండితో చేస్తాం. బా గోధుమపిండితో చేసింది. గోధుమపిండి సాగుతుంది కదా, కరకర ఎక్కణ్ణుంచి వస్తుందని నా అనుమానం. కిటుకు ఇదీ: పొడిపిండిని గుడ్డలో మూటకట్టి, నీళ్లు తగలకుండా కుక్కర్లో పావుగంట ఇరవై నిమిషాలు ఆవిరి పట్టించాలి. సుద్దరాయిలా గట్టిపడుతుంది. చితక్కొట్టి జల్లించాలి. ఆవిరితో పిండిలో జిగురు చచ్చిపోతుంది, ఇక సాగమన్నా సాగదు. అందులో అల్లం పచ్చిమిర్చి ముద్ద, నువ్వులు, పసుపు, ఉప్పు, పెరుగు వేసి కలిపి, నక్షత్రం బిళ్ల పెట్టిన గొట్టంలోంచి చుట్టలు తిప్పి వేయించడమే. కుక్కర్ మూత తీయగానే వచ్చిన ఆ గోధుమ వాసన... వద్దులెండి, నోరూరుతుంది.

దీపావళి ముందు రాత్రి కాళీ చౌదస్. వేయించిన వడలు పట్టుకెళ్లి నాలుగు వీధుల కూడలిలో పెట్టి, చుట్టూ నీళ్లు పోసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది బా. ఇంట్లో కలహం బయటికి పోతుందట. పోట్లాడటానికి ఆ ఇంట్లో ఆవిడ తప్ప ఎవరూ లేరు. పిల్లలంతా విదేశాల్లో ఉన్నారు.

ఆ ఏడు 24న దీపావళి, 25న సూర్యగ్రహణం. అందుకని కొత్త సంవత్సరం 26కి జరిగింది. గ్రహణం సాయంత్రం పొయ్యి వెలిగించలేదు. డబ్బాలన్నీ మూతలు బిగించి ఉన్నాయి. అరుగు మీద ఊరికే కూర్చున్నాం. అప్పుడడిగింది బా, "మీ అమ్మ కూడా ఇవన్నీ చేస్తుందా?" అని.

"చేస్తుంది" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. పండగ పూట ఆవిడని బాధపెట్టడం ఎందుకనుకున్నానని మీతో అనొచ్చు. నిజం కాదు. ఆ మాట అన్న ఒక్క నిమిషం నాకే హాయిగా ఉంది.

26 తెల్లారకుండానే సందులో 'సబ్‌రస్' అమ్మేవాళ్ల కేకలు. సబ్‌రస్ అంటే ఉప్పు. కొత్త ఏడాది తొలి బేరం అదే. జనం వస్తున్నారు, "సాల్ ముబారక్" అంటున్నారు, పళ్లేలు ఖాళీ అవుతున్నాయి. నేను బయల్దేరేటప్పుడు బా ఒక స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది. నిండా చక్రీలు. "అమ్మకివ్వు. ఎలా ఉన్నాయో చెప్పమను" అంది.

రైల్లో ఆ డబ్బా మూత తియ్యలేదు. ఇంటికొచ్చాక నాన్నగారు రోజుకి రెండు చొప్పున తిన్నారు. ఎవరు చేశారని అడగలేదు. ఎలా ఉన్నాయో బాకి చెప్పనూ లేదు. ఫోన్ వస్తే "తర్వాత చేస్తాను" అని పెట్టేసేవాణ్ణి. సిగ్గుచేటు. వ్యాసం మాత్రం అచ్చయింది.

2023 నవంబర్ 12, మళ్లీ దీపావళి. ఏడాది తిరిగిపోయింది. నాన్నగారే అటక మీంచి అమ్మ జంతికల గొట్టం దించి, చింతపండుతో తోమి నా ముందు పెట్టారు. "నీకేదో వచ్చన్నావుగా, చెయ్యి" అన్నారు. పిండి ఆవిరి పట్టించాను, జల్లించాను, అన్నీ వేశాను. మొదటి చుట్ట నూనెలో పడగానే ముక్కలై తేలింది. రెండోదీ అంతే. నాన్నగారు చిల్లుల గరిటెతో ముక్కలు ఏరుతూ, "ఆవిడెవరో, అడగరాదురా" అన్నారు.

మూకుడు దింపి ఫోన్ చేశాను. బా గొంతు వినగానే విరిగిపోతున్నాయని చెప్పాను. ఆవిడ నవ్వి, "ఫోన్ అమ్మకివ్వు, నీకు అర్థం కాదు" అంది.

చెప్పేశాను. ఎప్పుడు పోయిందో, గ్రహణం రోజు నేనన్నది అబద్ధమని, డబ్బా ఎవరు తిన్నారో అంతా చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. సందులో టపాకాయలు పేలుతున్నట్టు వినిపిస్తోంది.

చివరికి బా అడిగింది, "మోణ్ ఏమైనా పోశావా?"

"పోశాను, నెయ్యి. గుప్పిట్లో నిలిచేదాకా."

"అది ఫర్సీ పూరీకి దీక్రా! చక్రీకి అంత నెయ్యి పోస్తే నిలుస్తుందా? ఇంకొంచెం ఆవిరి పట్టిన పిండి ఉందా? ఉంటే కలుపు. పెరుగుతో తడుపు. నేను లైన్లోనే ఉంటాను."

నాన్నగారు మళ్లీ పొయ్యి వెలిగించారు.