బాబుకి విసుగొచ్చింది సరే, కూడెవలొండేరు?

ఆమధ్య కాశీబుగ్గలో ఒక సాహిత్య సభ జరిగింది. పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన గంటన్నర మాట్లాడాడు. రష్యా నవలల్లోని ఇద్దరు నాయకుల గురించి ఆయన ఉపన్యాసం. ఒకడు పుష్కిన్ రాసిన ఒనేగిన్, రెండోవాడు లెర్మొంతొవ్ రాసిన పెచోరిన్. ఇద్దరూ దొరల బిడ్డలే. ఇద్దరికీ లోకం మీద విసుగు పుట్టింది. ప్రేమ చేదు, స్నేహం చేదు, బతుకే చేదు. 'వీళ్ల వేదనే ఆధునిక మానవుడి వేదన. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ లోతు?' అని ఆయన సభను అడిగాడు.

వెనక వరసలో మన పేట పిన్ని ఒకామె కూర్చుంది. పొద్దల్లా జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి, జీడి రసానికి నల్లబడిన చేతులు కొంగులో దాచుకుని, కొడుకు రమ్మన్నాడని వచ్చింది. ఆమె లేచి అడిగింది: 'బాబూ, ఆలిద్దరూ ఏ పనీ సెయ్యరని నువ్వే సెప్పినావు. మరి ఆలకి కూడెవలొండేరు? పొలమెవలు దున్నేరు?'

సభ గొల్లుమంది. పెద్దమనిషి కూడా నవ్వి, 'మంచి ప్రశ్నేనమ్మా, కానీ ఇది సాహిత్య ప్రశ్న కాదు' అన్నాడు.

మిత్రులారా, ఇది సాహిత్య ప్రశ్నే. ఆ రెండు పుస్తకాలను అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే. అందుకే నాలుగు పేజీలు తీసుకుంటున్నాను.

చదవని వాళ్ల కోసం ముందు కథ చెప్తాను. 'యెవ్గేనీ ఒనేగిన్' పద్యాల్లో రాసిన నవల. 1825 నుంచి భాగాలుగా వచ్చి 1833లో పూర్తి పుస్తకమైంది. ఒనేగిన్ తండ్రి అప్పులు చేసి విందులిచ్చి ఆస్తి కరగబెట్టినవాడు. కొడుకు రాజధానిలో నాటకాలు, నాట్యాలు, షోకులతో విసిగిపోయాడు. ఇంతలో పినతండ్రో మేనమామో ఒకడు చచ్చి ఎస్టేటు చేతికొచ్చింది. ఊరికి వెళ్లాడు. రెండు రోజులు చెట్లూ ఏరూ బాగున్నాయి. మూడో రోజుకి ఊరు కూడా విసుగే. పక్క ఎస్టేటు అమ్మాయి తత్యానా మనసు విప్పి ఉత్తరం రాస్తే నీతులు చెప్పి పంపేశాడు. ఒక విందులో ఏమీ తోచక, స్నేహితుడు లెన్‌స్కీని ఉడికించడానికి అతను పెళ్లాడబోయే పిల్లతో చిందులేశాడు. అది పిస్తోళ్ల దాకా పోయింది. స్నేహితుణ్ణి కాల్చి చంపాడు. ఏళ్ల తరువాత తత్యానా పెద్దింటి ఇల్లాలయ్యాక కాళ్ల మీద పడ్డాడు. ఆమె కాదంది.

'మన కాలపు నాయకుడు' 1840లో వచ్చింది. పెచోరిన్ సైన్యంలో ఆఫీసరు. జారు చక్రవర్తి సైన్యం కాకసస్ కొండజాతుల నేల ఆక్రమిస్తున్న రోజులు. మన మందస కొండల మీదికి తుపాకులతో పరాయి దొర ఒకడు వచ్చాడనుకోండి, అదే లెక్క. అక్కడ బేలా అనే కొండపిల్లను చూశాడు. ఆమె తమ్ముడికి పదిహేనేళ్లు. వాడికి కజ్‌బిచ్ అనే వాడి గుర్రం మీద మోజు. 'నీ అక్కను తెచ్చివ్వు, ఆ గుర్రం నీకు దక్కేలా చేస్తాను' అన్నాడు పెచోరిన్. బేరం కుదిరింది. ఆడపిల్ల కోటలోకి వచ్చింది, గుర్రం గుంటడి చేతికెళ్లింది. నాలుగు నెలలు తిరిగేసరికి బాబుకి ఆమె మీదా విసుగొచ్చింది. గుర్రం పోయిన కసితో కజ్‌బిచ్ ఆమె తండ్రిని చంపాడు, తరువాత ఆమెనూ పొడిచాడు. ఆమె చనిపోయాక, కూడా ఉన్న ముసలి అధికారి ఓదార్చబోతే పెచోరిన్ నవ్వాడు. ఆ తరువాత ఇంకో రాకుమార్తెను ప్రేమ నాటకంతో ఏడిపించడం, ఇంకో స్నేహితుణ్ణి పిస్తోలుతో చంపడం. అన్నీ తన డైరీలో తనే రాసుకుంటాడు. తప్పు తనదేనని ఒప్పుకుంటాడు, మళ్లీ అదే పని చేస్తాడు.

ఇప్పుడు ఇద్దరినీ పక్కపక్కన పెడదాం. పండితులు చెప్పే తేడా ఒకటుంది. ఒనేగిన్ ఊరికే విసిగినవాడు, పెచోరిన్ తన లోపలికి తవ్వుకున్నవాడు. కాబట్టి పెచోరిన్ లోతైనవాడట. తవ్వుకున్నాడు, కాదనను. అయితే ఆ తవ్విన మట్టి ఎవరి నెత్తిన పడింది? తన తప్పు తెలుసుకున్న దొరకి మన ఊళ్లలో కూడా మంచి పేరే వస్తుంది. 'నాయుడుబాబు కొట్టినా పాపం తరువాత బాధపడ్డాడురా' అంటారు. దెబ్బతిన్నవాడి వీపు సంగతి ఎవరూ అడగరు.

పండితులు చెప్పని తేడా ఇంకొకటుంది. ఒనేగిన్ పుస్తకంలో ఎస్టేటు కనిపిస్తుంది, కంబారి కనిపిస్తాడు. అక్కడి రైతుకూలీ భూమితోపాటు చేతులు మారే వెట్టి మనిషి. దొరకి ఇన్ని 'ఆత్మలు' ఉన్నాయని కాగితాల్లో లెక్క రాసేవారు, మన దగ్గర ఇన్ని ఎకరాలు అన్నట్టు. ఆడవాళ్లది ఆ లెక్కలోకి కూడా రాదు. ఒనేగిన్ ఊరికి వచ్చిన కొత్తల్లో, పొద్దుపోక, ఒక మార్పు చేశాడు. దొర పొలంలో ఊరికే చెయ్యాల్సిన వెట్టిని తీసేసి, ఏడాదికి ఇంత అని తేలికపాటి పన్ను పెట్టాడు. కూలీలు బతికిపోయాం అనుకున్నారు. పక్క ఎస్టేటుదారులు మొహం మాడ్చుకున్నారు. ఇదంతా ఒక్క పద్యం. ఆ తరువాత ఒనేగిన్ వాళ్లను మరిచిపోయాడు, పుస్తకమూ దాదాపు మరిచిపోయింది. అయినా ఆ ఒక్క పద్యం ఉంది.

పెచోరిన్ పుస్తకంలో అది కూడా లేదు. బండి దగ్గర ఒక నౌకరు, కోట దగ్గర సిపాయిలు కనిపిస్తారు. ఇతని దుస్తులకి, గుర్రాలకి, పర్షియా ప్రయాణానికి డబ్బు ఎక్కడిది? ఏ ఊళ్లో ఎవరి చెమట? ఒక్క మాట ఉండదు. ఒనేగిన్ నుంచి పెచోరిన్ దాకా వచ్చేసరికి నాయకుడి మనసు లోతయింది, అన్నం పెట్టేవాడు పేజీ మీంచి మాయమయ్యాడు. విమర్శకులు మొదటిదాన్ని ప్రగతి అన్నారు. రెండోదానికి పేరు పెట్టలేదు.

రాసినవాళ్లను నేను అంతగా తప్పుపట్టను. లెర్మొంతొవ్ రెండో ముద్రణకి ముందుమాట రాస్తూ, ఈ నాయకుడు ఒక తరం దుర్గుణాలన్నీ కలిపి గీసిన బొమ్మ అనే చెప్పాడు. ఆదర్శం అనలేదు. పుష్కిన్ ఇంకా నిజాయితీపరుడు. తత్యానా తల్లి ఎస్టేటు నడిపే తీరు చెప్తూ, కోపమొస్తే పనిపిల్లల్ని కొట్టడం, కుర్రాళ్లను బలవంతంగా సైన్యానికి పంపడం కూడా వరసలో చెప్పేశాడు. తత్యానా దాదిని ప్రేమ గురించి అడిగితే, ఆ ముసలిది తనకు పదమూడో ఏట పెళ్లి చేసేశారని, ఆ రోజుల్లో ప్రేమ మాటే వినలేదని అంటుంది. ఈ పుష్కిన్ ముత్తాత ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చిన నల్ల పిల్లవాడు. జారు కొలువులో చేరి సేనాని అయ్యాడు. అయ్యాక ఏం చేశాడు? తనూ వందల మంది వెట్టివాళ్లకి యజమాని అయ్యాడు. మనలో పైకెక్కి వెనక్కి చూడని ఉద్యోగస్తులు ఈ మాట దగ్గర కాస్త ఆగి చదవాలి.

అసలు ఆ పుస్తకంలో నన్ను పట్టుకున్న చోటు వేరే ఉంది. ఉత్తరం అందుకున్న ఒనేగిన్ తోటలోకి వస్తున్నాడు. తత్యానా గుండె కొట్టుకుంటోంది. పండితులంతా ఆ గుండె చప్పుడే విన్నారు. అదే తోటలో పనిపిల్లలు పళ్లు కోస్తూ పాట పాడుతుంటారు. ఎందుకు పాడుతున్నారో పుష్కిన్ చెప్పాడు. దొరగారి పళ్లు నోట్లో వేసుకోకుండా పాడమని హుకుం. నోరు పాట పాడుతుంటే తినలేదు కదా! పల్లె జనం కనిపెట్టిన తెలివి అని ఎగతాళిగా అంటాడు కవి.

ఉద్దానంలో తోటల్లో పనిచేసిన వాళ్లకి, పలాసలో జీడిపప్పు ఒలిచే వాళ్లకి ఈ పద్యం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నేను ఇది పిన్నికి చెప్తే ఆమె ఆశ్చర్యపోలేదు. 'మాకాడ పాటలేటీ నేవు నాన. ఇంటికెల్లినప్పుడు గేటుకాడ ఒళ్లు తడుముతారు' అంది. ఇద్దరు నాయకుల వేదన మీద గంటన్నర మాట్లాడిన మనిషికి ఆ పాట వినిపించలేదు. చెవి ఎక్కడ పెట్టి చదువుతామో అదే వినిపిస్తుంది మరి.

సరే, దొరలు దొరల గురించి రాశారు, ఆ కాలంలో ఇంకెవరు రాస్తారు అంటారు. రాశారు. లెర్మొంతొవ్ పుట్టింది 1814లో. అమ్మమ్మ ఎస్టేటులో వందల మంది వెట్టివాళ్ల మధ్య పెరిగాడు. అదే 1814లో, అదే జారు రాజ్యంలో, ఉక్రెయిన్ పల్లెలో ఒక వెట్టివాళ్ల ఇంట తరాస్ షెవ్‌చెంకో పుట్టాడు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయారు. దొర ఇంట్లో పిలిస్తే పలికే పనికుర్రాడయ్యాడు. రాత్రి అందరూ పడుకున్నాక దొంగతనంగా బొమ్మలు వేసుకుంటుంటే, కొవ్వొత్తి తగలేశాడని దొర కొరడాతో కొట్టించాడు. తరువాత పీటర్స్‌బర్గ్ చిత్రకారులు కొందరు ఇతని చెయ్యి చూసి, ఒక బొమ్మ గీసి లాటరీ వేసి, 1838లో 2,500 రూబుళ్లు దొరకి కట్టి విడిపించారు. మనిషికి ధర కట్టి రసీదు పుచ్చుకున్నారు! రెండేళ్లకి ఇతని మొదటి కవితల పుస్తకం 'కొబ్జార్' అచ్చయింది. ఏ సంవత్సరం? 1840. పెచోరిన్ పుస్తకం వచ్చిన సంవత్సరమే.

ఒకే ఏట పుట్టిన ఇద్దరు, ఒకే ఏట తెచ్చిన రెండు పుస్తకాలు. మన కాలపు నాయకుడు అని ఒకటి అంటోంది. ఎవరి కాలం? షెవ్‌చెంకో కాలం కూడా అదే. అతనికి విసుగు పుట్టే తీరిక దొరకలేదు. 1847లో జారు అతన్ని పట్టి, సిపాయిగా మార్చి ఎడారి కోటలకి తోలేశాడు. రాయకూడదు, బొమ్మ గీయకూడదు అని స్వయంగా ఆజ్ఞ వేశాడు. పదేళ్లు పోయాయి. వెట్టి రద్దు చేస్తూ 1861లో సంతకం పడిన వారానికే షెవ్‌చెంకో చనిపోయాడు. ఆ ప్రకటన జనానికి చదివి వినిపించే సరికి అతను లేడు. వెట్టి పోయినవాళ్లకి భూమి ఊరికే రాలేదు, 49 ఏళ్ల వాయిదాల అప్పు మీద వచ్చింది. కొరడా పోయి అప్పుకాగితం వచ్చింది.

అప్పుకాగితం అనగానే మన జిల్లా కథ గుర్తుకు రావాలి. తెలుగులోనూ విసిగిన బాబులకి కొదవ లేదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు ఉన్నాడు. వంశం పేరు నిలబెట్టబోయి ఆస్తి తగలేసుకుని, మతి చెడి పోయాడు. కాలేజీల్లో అతని మీద ఉపన్యాసాలకి లెక్కలేదు. అదే చోట మన మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు 'యజ్ఞం' పెట్టి చూడండి. 1966లో అచ్చయింది. రాసింది దళితుడు కాదు, అది దాచాల్సిన పని లేదు. అందులో అప్పల్రాముడు ఏళ్ల తరబడి కష్టపడి కూడా అప్పు తీర్చలేకపోయాడు. ఊరి పెద్దలు న్యాయంగానే, ధర్మంగానే తీర్పు చెప్తారు. ఆ తీర్పు తన బిడ్డను కూడా కంబారిని చేస్తుందని కొడుకు సీతారాముడికి అర్థమవుతుంది. తన చేత్తో తన పసిగుంటడిని చంపి తెచ్చి ఊరి ముందు పెడతాడు. ఆ చావు ఒప్పా తప్పా అని యాభై ఏళ్లుగా వాదిస్తూనే ఉన్నారు. వాదించనీండి. నిరాశ అంటే ఇదీ. ఒనేగిన్ది కడుపు నిండిన నిరాశ. సీతారాముడిది దారులన్నీ మూసేసిన నిరాశ. రెండింటికీ ఒకే మాట వాడితే భాషకే సిగ్గు.

మన దగ్గరా ఎస్టేటులుండేవి, టెక్కలిది, మందసది. ఏ జమీందారుకి ఎంత విసుగొచ్చిందో ఎవరికీ జ్ఞాపకం లేదు. మందస జమీందారీ మీద రైతులు తిరగబడితే 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు తుపాకికి బలైన గున్నమ్మ పేరు మాత్రం అందరికీ తెలుసు.

ఇదంతా రాయడానికి అసలు కారణం పిన్ని కొడుకు. డిగ్రీ చేశాడు. విశాఖలో నాలుగేళ్లు తిరిగాడు. ఇల్లు అద్దెకడిగితే పేరు తరువాత ఇంటిపేరు, ఇంటిపేరు తరువాత ఊళ్లో ఏ వీధి అని అడిగారు. ఉద్యోగం రాలేదు. తిరిగొచ్చాడు. మీటింగుకి పిలిస్తే 'ఏటి లాభం అన్నా, అంతా వేస్టు' అంటాడు. ఆ రెండు నవలలూ దిండు కింద పెట్టుకుని, పెచోరిన్ లో తనను చూసుకుంటున్నాడు. చూసుకోవద్దని నేను చెప్పలేదు, కానీ ఒకటి అడిగాను. పెచోరిన్ కి లోకం తలుపులన్నీ తెరిచి ఉన్నాయి, లోపలికెళ్లి విసిగి బయటికొచ్చాడు. తమ్ముడూ, నువ్వు ఏ తలుపు లోపలికెళ్లి విసిగావు? నిన్ను గడప దగ్గరే ఆపారు. నీది కోపం. దానికి ఆ దొర చొక్కా తొడిగితే నీ ఒంటికి సరిపోదు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. నాకూ భయమేసింది, గట్టిగా అనేశానేమోనని.

నాలుగు రోజులకి వాడే వచ్చాడు. పేటలో ఆడవాళ్లకి ఏదైనా చదివి వినిపిస్తానన్నాడు. ముందు పుష్కిన్ తోటలో పళ్ల పాట చోటు, తరువాత 'యజ్ఞం' మొత్తం. ఆదివారం సాయంత్రం ఆరుకి అని రాస్తుంటే పిన్ని ఆపింది. 'ఆరుకెవలొస్తారు నాన? పిక్కల పని దిగి, పొయ్యి ముట్టించి, గుంటలకి కూడెట్టాల. ఎనిమిదికి పెట్టు.'

ఎనిమిదికి పెట్టాం.